నల్లగాజు మీద రాగి చుట్లు

జర్మనీ దక్షిణపు కొసన, కాన్‌స్టన్స్ సరస్సు ఒడ్డున ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ అనే ఊరుంది. ఒకప్పుడు జెప్పెలిన్ గాలి ఓడలు తయారైన ఊరది. ఇప్పుడు ఏటా వేసవిలో యూరప్ నలుమూలల నుంచి హామ్ రేడియో వాళ్లు అక్కడికి చేరతారు. కొత్త రేడియోలు అమ్మే మెరుపుల హాలు ఒకటి, పాత సామాన్ల సంత ఒకటి. నాలాంటివాళ్ల కాళ్లు సంత వైపే లాగుతాయి. అక్కడ అట్టపెట్టెల్లో గుట్టగా పోసిన నల్ల రింగులు కనిపిస్తాయి. చేతిలోకి తీసుకుంటే నల్ల మట్టిగాజు లావెక్కినట్టుంటుంది. పెద్దదైతే వంద గ్రాముల పైమాటే. కింద పడితే గాజులాగే ముక్కలవుతుంది. అదే ఫెర్రైట్ కోర్. దాని మీద నాలుగు చుట్లు రాగి తీగ చుడితే రేడియోకి, యాంటెనాకి మధ్య పనికొచ్చే ట్రాన్స్‌ఫార్మర్ తయారవుతుంది.

జర్మన్లలో ఇంట్లో కూర్చుని ఇలాంటివి చేసుకునేవాళ్లని బాస్ట్లర్ అంటారు. బాస్ట్లర్లు ఇద్దరు కలిస్తే తెగని తగువు ఒకటుంది: తీగని రింగు మీద నేరుగా చుట్టొచ్చా, ముందు టేపు వేయాలా? ముప్పై ఏళ్లుగా చుడుతున్నాను, ఎప్పుడూ టేపు వేయలేదంటాడొకడు. టేపు లేకుండా చుడితే కాలిపోయిందంటాడు ఇంకొకడు. నా మటుకు నాకు ఈ తగువే కాస్త పక్కదారి పట్టిందనిపిస్తుంది. ఇన్సులేషన్ అనగానే మన చెయ్యి టేపు చుట్ట మీదికి పోతుంది. అంతకంటే ముందు చూడాల్సింది ఏ చుట్టు పక్కన ఏ చుట్టు పడుతోందన్నది.

మన ఊళ్లలో బోరు మోటారు కాలిపోతే తీసుకెళ్లే వైండింగ్ షాపు గుర్తు చేసుకోండి. పాత రాగి పీకేశాక ఆయన చేసే మొదటి పని స్లాటుల్లో లెదరాయిడ్ పేపరు మడిచి పెట్టడం. తీగ మీద ఎనామిల్ పూత ఉండగా మళ్లీ పేపరెందుకు? ఇనుప స్లాటు అంచు కత్తిలా ఉంటుంది. చుట్ట లోపలికి తోసేటప్పుడు పూత గీసుకుపోతుంది. ఇనుము కరెంటుని హాయిగా మోస్తుంది కాబట్టి ఒక్క గీత పడినా మోటారు బాడీకి షాకొస్తుంది. ఆయన పేపరు రెండు పనులు చేస్తోంది: రాపిడిని ఆపుతోంది, వోల్టేజీని ఆపుతోంది. ఫెర్రైట్ దగ్గర ఈ రెండు పనుల్ని విడదీసి చూడాలి.

ఫెర్రైట్ ఇనుము కాదు. ఇనుప తుప్పుని, అంటే ఐరన్ ఆక్సైడుని, ఇంకో లోహపు ఆక్సైడుతో కలిపి, అచ్చులో నొక్కి, ఆవంలో కుండ కాల్చినట్టు కాల్చిన పింగాణీ. దీన్ని అయస్కాంతపు కోర్‌గా వాడొచ్చన్న ఊహ పుట్టింది బెర్లిన్‌లోనే. సీగ్‌ఫ్రీడ్ హిల్పెర్ట్ 1909లో దీని మీద పరిశోధన ప్రచురించి పేటెంట్లు తీసుకున్నాడు. అప్పట్లో అది పట్టించుకునేవాళ్లు లేక మూలపడింది. 1930 ప్రాంతాల్లో టోక్యోలో కాటో, తాకెయి మళ్లీ పట్టుకున్నారు. దాన్ని అమ్మకానికి తేవడానికి 1935లో పెట్టిన కంపెనీయే టీడీకే. 1940ల్లో హాలండ్‌లోని ఫిలిప్స్ పరిశోధనశాలలో స్నూక్ దీన్ని నేటి రూపానికి తెచ్చాడు. సీమెన్స్ తన ఫెర్రైట్లకి సిఫెరిట్ అని పేరు పెట్టుకుంది. ఆ విభాగమే తర్వాత మ్యూనిక్‌లో ఎప్కోస్ కంపెనీ అయింది. దాన్ని 2009 నాటికి టీడీకే కొనేసింది. బెర్లిన్‌లో మొలిచిన ఊహ టోక్యో చుట్టొచ్చి మ్యూనిక్ చేరిందన్నమాట. తూర్పు జర్మనీ ఉన్న రోజుల్లో అక్కడి హామ్‌లకి ఇవేవీ దొరికేవి కావు. తురింగియాలోని హెర్మ్స్‌డోర్ఫ్ పింగాణీ కర్మాగారం చేసిన మానిఫెర్ రింగులే వాళ్లకి దిక్కు. సంతలో అవి ఇప్పటికీ తగులుతుంటాయి.

తగువు తీర్చే మొదటి విషయం ఇక్కడే ఉంది. ఫెర్రైట్లలో రెండు కుటుంబాలున్నాయి: నికెల్-జింక్, మాంగనీస్-జింక్. హామ్‌లు ఎక్కువగా వాడే అమెరికన్ 43 రకం నికెల్-జింక్. దాని విద్యున్నిరోధం లక్ష ఓమ్-సెంటీమీటర్ల దరిదాపు. అదే కుటుంబంలోని 61 రకానిది దానికి వెయ్యి రెట్లు. మాంగనీస్-జింక్ రకాల్లో ఇది వందకి, వేలకి పడిపోతుంది. అంటే మొదటిది ఎండు కర్ర అనుకుంటే రెండోది తడి కర్ర. మల్టీమీటరు రెండు ముళ్లూ పూత లేని రింగు మీద గట్టిగా అదిమి చూడండి. మొదటి రకం దాదాపు ఏమీ చూపదు. రెండో రకం కిలో ఓముల్లోనో, ఇంకొంచెం పైనో ఒక అంకె చూపిస్తుంది. టేపెప్పుడూ వేయలేదన్నవాడి రింగు, కాలిపోయిందన్నవాడి రింగు ఒకే జాతివి కాకపోవచ్చు. ఎప్కోస్ లాంటివాళ్లు మాంగనీస్-జింక్ రింగులకి ఎపాక్సీ పూత వేసి అమ్మేది ఇందుకే. సైజుని బట్టి ఆ పూత ఒకటి రెండు కిలోవోల్టులు తట్టుకుంటుందని కేటలాగులే చెబుతాయి. పూత ఉన్న రింగు మీద మళ్లీ టేపు చుట్టడం రెయిన్‌కోటు మీద గొడుగు పట్టడమే. తప్పేం కాదు, అవసరమూ కాదు.

ఇక వోల్టేజీ లెక్క చూద్దాం. జర్మనీలో ఇళ్ల వెనక పెరళ్లు చిన్నవి, పక్కింటివాళ్ల అభ్యంతరాలు పెద్దవి. అందుకని ఒక్క తీగని కిటికీ నుంచి చెట్టుకి లాగి, ఒక చివర మాత్రమే కరెంటు ఇచ్చే యాంటెనా అక్కడ బాగా వాడుకలో ఉంది. పక్క దేశం ఆస్ట్రియాకి చెందిన యోసెఫ్ ఫుక్స్ 1920ల్లో పేటెంటు తీసుకున్న పద్ధతికి ఇది మనవడి వరస. 7 మెగాహెర్ట్జ్‌కైతే 20 మీటర్ల తీగ చాలు. చిక్కల్లా ఆ చివర దగ్గర ఇంపీడెన్స్ రెండు మూడు వేల ఓములుంటుంది. రేడియోకి కావలసినవి 50. మధ్యలో 49 రెట్లు మార్చే ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14 చుట్లు. చుట్ల నిష్పత్తి 7, దాని వర్గం 49.

వంద వాట్లు పంపితే 50 ఓముల దగ్గర సుమారు 71 వోల్టులుంటాయి. ఏడింతలు చేస్తే 495. అలల శిఖరం దగ్గర 700. జర్మనీలో పై తరగతి లైసెన్సుకి అనుమతి 750 వాట్ల దాకా ఉంది. అక్కడైతే శిఖరం 1,900 వోల్టుల పైకి పోతుంది. యాంటెనా సరిగ్గా కుదరకపోతే ఇంకా ఎక్కువ. ఈ అంకెలు చూసి బెదిరిపోయి రింగుకి మమ్మీకి చుట్టినట్టు టేపు చుట్టేవాళ్లున్నారు. కానీ ఆ 495 వోల్టులూ 14 చుట్ల మీద పంచుకుంటాయి కదా. పక్కపక్క చుట్ల మధ్య ఉండేది 35 వోల్టులే. ఒక మిల్లీమీటరు తీగ మీద మామూలు ఎనామిల్ పూత మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతుకి అటూ ఇటూ ఉంటుంది. అలాంటి తీగలు రెండు పురి పెట్టి పరీక్షిస్తే, పూతకి దెబ్బ తగలనంత వరకు, రెండు వేల వోల్టులకి కూడా చెక్కుచెదరవు. 35 వోల్టులు దానికి దోమకాటు. ప్రమాదం పక్క చుట్టుతో కాదు. మొదటి చుట్టు, పద్నాలుగో చుట్టు పక్కపక్కకి వచ్చినప్పుడే మొత్తం 495 వోల్టులు ఒకే చోట ఎదురుపడతాయి.

ఈ సంగతి మనకంటే ముందు తెలుసుకున్న మనిషి హానోవర్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డ హైన్రిష్ రూమ్‌కార్ఫ్. 1850ల్లో ఇండక్షన్ కాయిల్ చేసి పేరు తెచ్చుకున్న పనిమంతుడు. ఇనుప కడ్డీల కట్ట మీద లావు తీగ కొన్ని చుట్లు, దాని మీద కిలోమీటర్ల కొద్దీ సన్న తీగ. ఎనామిల్ లేని రోజులవి. తీగకి పట్టు దారం చుట్టి లక్క పూసేవారు. సన్న తీగని మగ్గం కండెకి నూలు చుట్టినట్టు ఈ చివర నుంచి ఆ చివరకీ, మళ్లీ వెనక్కీ చుట్టుకుంటూ పోతే, ఒక పొర మొదలూ పై పొర చివరా ఒకదాని నెత్తి మీద ఒకటి పడతాయి. వాటి మధ్య వేల వోల్టులు. లోపలే మెరుపు కొట్టి కాయిల్ పోయేది. దీనికి మందు పట్టు దారాన్ని ఇంకా మందం చేయడం కాదని గ్రహించినవాళ్లలో బెర్లిన్ శాస్త్రవేత్త పోగెన్‌డార్ఫ్ ఒకడు. తీగని పొడవునా పొరలుగా కాకుండా, చిన్న చిన్న బిళ్లల్లా విడివిడి గదుల్లో చుట్టమన్నాడు. అప్పుడు ఏ గదిలోనైనా పక్కవాళ్ల మధ్య తేడా కొద్దిగానే ఉంటుంది. పెళ్లి భోజనాల బంతిలో పడని వియ్యంకుల్ని చెరో కొసనా కూర్చోబెట్టడం లాంటిదే. మధ్యలో తెర కట్టక్కర్లేదు, దూరం చాలు. ఆ కాయిల్‌కే 1864లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ పెట్టిన వోల్టా బహుమతి, 50,000 ఫ్రాంకులు, రూమ్‌కార్ఫ్ చేతికొచ్చింది. రెండు దశాబ్దాల తర్వాత కార్ల్స్‌రూహెలో హైన్రిష్ హెర్ట్జ్ రేడియో తరంగాల్ని పట్టుకున్న ప్రయోగాల్లో నిప్పురవ్వ పుట్టించింది ఈ రకం కాయిలే.

రింగు దగ్గరికి తిరిగొద్దాం. చుట్లని రింగంతా గుండ్రంగా పరిస్తే మొదలూ చివరా వచ్చి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. పడని వియ్యంకులు పక్కపక్కనే కూర్చున్నారు. అమెరికన్ హామ్ జో రైజర్ట్ పేరుతో ప్రచారంలోకొచ్చిన చుట్టు ఇక్కడ పనికొస్తుంది: సగం చుట్లు ఒక పక్క వేసి, తీగని రింగు మధ్యలోంచి అడ్డంగా ఎదుటి పక్కకి దాటించి, మిగతా సగం అక్కడ వేస్తారు. మొదలు ఒక దరిన, చివర ఎదుటి దరిన పడతాయి. డబ్బాలో కనెక్టర్లు బిగించడానికీ ఇదే సుఖం. చుట్లు లెక్కపెట్టడంలో కొత్తవాళ్లు పొరబడేది కూడా ఇక్కడే. రంధ్రంలోంచి తీగ ఒక్కసారి దూరితే అది ఒక చుట్టు. బయట వంపులు కనబడుతున్నాయా లేదా అన్నది లెక్కలోకి రాదు. అడ్డంగా దాటిన తీగ కూడా ఒక చుట్టే.

అలాగని టేపు దండగ అనడం లేదు. దాని పని వేరు. కాల్చిన పింగాణీ అంచులు కరుకుగా ఉంటాయి. లావు తీగని బిగించి చుట్టేటప్పుడు ప్రతి చుట్టూ నాలుగు మూలల దగ్గర ఆ అంచు మీద రాసుకుంటుంది. ఎనామిల్ గీసుకుపోతుంది. ఒక్క గీత పడితే ఏమవుతుంది? మోటారులాగా షాకు రాదు. రింగు దేనికీ కలిసి లేదు కదా, గాల్లో వేలాడుతోంది. కరెంటు ఒక గీత దగ్గర రింగులోకి దిగినా బయటపడడానికి ఇంకో గీత కావాలి. 14 చుట్లకి 56 మూలలున్నాయి మరి. గీతలు మొదటి చుట్టు మీదా చివరి చుట్టు మీదా పడ్డాయనుకుందాం. 43 రకం పెద్ద రింగులో వాటి మధ్య నిరోధం లక్షల ఓములుంటుంది. 495 వోల్టులకి అక్కడ ఖర్చయ్యేది వాటుకి అటూ ఇటూ. పోతే పోనీ అనుకోవచ్చు. అదే మాంగనీస్-జింక్ రింగైతే చుట్ట చివర్ల మధ్య కొన్ని వందల ఓముల రెసిస్టరు పెట్టినట్టే. ముందు వేడి, తర్వాత నల్లమచ్చ, ఆ తర్వాత రింగు రెండు చెక్కలు.

టేపు వేసే ముందు ఒక చవక పని చేయొచ్చు. నీళ్లతో తడిపిన సన్న ఎమిరీ కాయితంతో అంచుల్ని నాలుగుసార్లు రుద్దండి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. తర్వాత టేపు. తేనె రంగులో ఉండే కాప్టన్ అనే పాలీఇమైడ్ టేపు చాలా పల్చన, రెండు మూడు వందల డిగ్రీల వేడికీ కరగదు, వోల్టేజీకి గట్టి పిండం. అంచు దగ్గర మాత్రం చిరిగే గుణముంది. గాజు నూలు టేపు మందం, కానీ రాపిడికి రాజు. మోటారు షాపుల్లో దొరికే గాజు గుడ్డ టేపు కూడా ఆ జాతే. ప్లంబర్లు కుళాయి మరలకి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు చాలామందికి ఇష్టం, ఎందుకంటే ఇంట్లో ఉంటుంది. అది మెత్తన, నొక్కితే మెల్లగా జరిగిపోయే గుణముంది. అంచు మీద బిగుతైన తీగ కింద కొన్ని నెలల్లో పక్కకి తప్పుకుంటుంది. మూడు నాలుగు పొరలు వేస్తే రాపిడికి సరిపోతుంది. వోల్టేజీకి దాన్ని నమ్మొద్దు. కరెంటు పనివాళ్ల నల్ల పీవీసీ టేపు గురించి ఒక్క మాట: వద్దు. వేడికి జిగురు కారుతుంది, పీవీసీ తనే రేడియో పౌనఃపున్యాల దగ్గర కొంత శక్తిని మింగి వెచ్చబడుతుంది.

టేపు బదులు తీగకే టెఫ్లాన్ తొడుగు ఉన్నది వాడడం ఇంకో దారి. ఖరీదెక్కువ, కానీ ఒకే దెబ్బకి రాపిడి, వేడి, వోల్టేజీ మూడింటికీ సమాధానం. ఎనామిల్ తీగే వాడతానంటే దాని పూత ఏ రకమో తెలుసుకోవడం మంచిది. టంకం ఇనుము తగిలించగానే పొగై ఎగిరిపోయే పూత పాలీయురెథేన్. ఆ రసాయన కుటుంబాన్ని 1937లో లెవర్కూజెన్‌లో కనిపెట్టింది ఓట్టో బేయర్. పేరు అదే అయినా బేయర్ కంపెనీ యజమానుల బంధువు కాడాయన. టంకానికి హాయి, కానీ ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు, కిటికీ తీసి పెట్టుకోండి. ఎక్కువ వేడి తట్టుకునే ఇంకో రకం పూత టంకం ఇనుముకి లొంగదు. బ్లేడుతో గీకాల్సిందే. పాత మోటార్ల నుంచి పీకిన తీగ మాత్రం పనికిరాదు. పీకినప్పుడే పూత పగిలి ఉంటుంది.

మందం పెంచితే నష్టమేముంది, భద్రంగానే ఉంటుంది కదా అనిపించవచ్చు. రేడియోలో నష్టముంది. టేపు పొరలు పెరిగిన కొద్దీ తీగ పొడుగు పెరుగుతుంది, ప్రైమరీ, సెకండరీలు కోర్‌కీ, ఒకదానికొకటీ దూరమవుతాయి. ఒక చుట్టలోని అయస్కాంత బలరేఖల్లో కొన్ని రెండో దానికి అందకుండా జారిపోతాయి. 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఇది తెలియదు, 28 దగ్గర కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఆ రెండు ప్రైమరీ చుట్లని సెకండరీ తీగతో పురి పెట్టి చుట్టేది ఈ జారుడు తగ్గడానికే. ఇంకో జాతి ట్రాన్స్‌ఫార్మర్లలో ఇన్సులేషన్ మందమే లెక్కలో భాగం. స్విట్జర్లాండ్‌లోని బ్రౌన్ బోవెరీ కంపెనీ ఇంజినీరు గుస్టావ్ గ్వానెల్లా 1944లో చూపిన పద్ధతిలో రెండు తీగల్ని జంటగా రింగు మీద చుడతారు. ఆ జంట ఒక చిన్న కేబులులా పనిచేస్తుంది. దాని ఇంపీడెన్స్‌ని తేల్చేది తీగల మధ్య ఎడం. అంటుకున్న ఎనామిల్ తీగలైతే 50 ఓములో ఇంకా తక్కువో. టెఫ్లాన్ తొడుగు మందమైతే వంద దాకా పోవచ్చు. ఇక్కడ భద్రతకని ఇంకో పొర వేసేవాడు తనకి తెలియకుండానే ట్రాన్స్‌ఫార్మర్ విలువ మార్చేస్తున్నాడు.

ఇన్సులేషన్ బయటే ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. రేడియో తొలి రోజుల్లో ఫెర్రైట్ లేదు, ఇనుము మాత్రమే ఉంది. ఇనుములో పౌనఃపున్యం పెరిగేకొద్దీ సుడి కరెంట్లు పుట్టి అంతా వేడిగా పోయేది. బవేరియాలో పుట్టిన హాన్స్ ఫోగ్ట్ చేసిన ఉపాయం ఫెర్రోకార్ట్: ఇనుప పొడికి వార్నిష్ కలిపి, కాయితం మీద పరిచి, నొక్కి కోర్ చేశాడు. ఒక్కో రేణువు చుట్టూ ఒక్కో పూత. సుడి తిరగడానికి చోటు లేదు. 1930ల తొలి ఏళ్లలో రేడియోల్లోకొచ్చిన ఈ కోర్‌కి పేరు ఇనుము, కాయితం అనే రెండు మాటల నుంచి పెట్టారు. ఫోగ్ట్ అంతకు ముందే మాట్లాడే సినిమాకి ట్రై-ఎర్గోన్ పద్ధతి కనిపెట్టిన ముగ్గురిలో ఒకడు. మాంగనీస్-జింక్ ఫెర్రైట్ కాల్చేటప్పుడు చిటికెడు సున్నపు, ఇసుకపు ఆక్సైడులు వేసేది కూడా ఇదే పనికి. అవి రేణువుల అంచుల్లో పేరుకుని సన్నటి గోడలవుతాయి. లిట్స్ తీగ అని జర్మన్ మాటతోనే లోకమంతా పిలిచేది రాగిలో ఇదే తంతు: వెంట్రుకల్లాంటి పోగులు, దేని పూత దానిదే, అన్నీ కలిపి పేని పైన పట్టు చుట్టడం. పోగు సన్నదనం ఎందుకంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు రాగి పైచర్మంలో మిల్లీమీటరుకి నలభయ్యో వంతు లోతునే పారుతుంది. అంత పై పౌనఃపున్యాల్లో మాత్రం పోగులు కూడా చేతులెత్తేస్తాయి. లిట్స్ రాజ్యం ఒకటి రెండు మెగాహెర్ట్జ్‌ల లోపే.

వేడి సంగతి మరిచిపోకూడదు. 43 రకం 130 డిగ్రీలు దాటిన తర్వాత అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది. చల్లారితే తిరిగొస్తుంది గానీ, ఈలోగా రేడియో బెంబేలెత్తుతుంది. పొరలు పొరలుగా చుట్టిన టేపు రింగుకి దుప్పటి. నేరుగా చుట్టి గాలాడనిచ్చిన రింగు చల్లగా ఉంటుంది. ఎక్కువ శక్తి కావాలంటే రెండు మూడు రింగులు పేర్చడం మేలు. అలా పేర్చినప్పుడు మొత్తానికి కలిపి ఒక పొర గాజు టేపు వేసి కట్టడం నాకు నచ్చిన పద్ధతి. అక్కడ టేపు తాడు పని చేస్తోంది, ఇన్సులేషన్ పని కొసరు.

ఇప్పటిదాకా చెప్పిందంతా యాంటెనా వైపు ట్రాన్స్‌ఫార్మర్లకి. ఇంటి గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకునే పవర్ సప్లైలోని ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఈ సడలింపులేవీ వర్తించవు. అక్కడ ప్రైమరీకి, సెకండరీకి మధ్య ఉన్న పొర మనిషి ప్రాణానికీ 230 వోల్టులకీ మధ్య ఉన్న గోడ. ఒక్క ఎనామిల్ పూతని నమ్ముకోవడానికి ప్రమాణాలు ఒప్పుకోవు. మూడు పొరల ఇన్సులేషన్ తీగ, విడివిడి టేపు పొరలు, అంచుల దగ్గర మిల్లీమీటర్ల లెక్కన ఎడం అడుగుతాయి. అది ఇంట్లో సరదాకి చుట్టే వస్తువు కాదు.

చుట్టడం అయ్యాక మల్టీమీటరు పెట్టి షార్టు లేదని తృప్తిపడేవాళ్లున్నారు. మల్టీమీటరులో ఉన్నవి రెండు మూడు వోల్టులు. 700 వోల్టుల దగ్గర ఏమవుతుందో దానికేం తెలుసు? వైండింగ్ షాపాయన మెగ్గర్ అడిగి తెచ్చుకోండి. అది 500 లేదా 1,000 వోల్టులు పెట్టి చూస్తుంది. తీగ ఒక కొసకీ రింగుకీ మధ్య పట్టి చూస్తే అంచుల దగ్గర పడ్డ గీతలు బయటపడతాయి. రింగు మీద ముల్లు ఆనేచోట టేపు, పూత లేకుండా చూసుకోవాలి. అది కూడా పూర్తి హామీ కాదు. రేడియో పౌనఃపున్యం దగ్గర ఇన్సులేషన్ వేడెక్కి అంతకంటే ముందే లొంగిపోవచ్చు. అసలు పరీక్ష తక్కువ శక్తితో మొదలుపెట్టి, నిమిషం పంపి, రేడియో ఆపి, రింగు మీద చెయ్యి పెట్టి చూడడమే. ఆపకుండా పెట్టొద్దు, యాంటెనా వైపు చివర కాల్చిన వాత నెలరోజులు మానదు.

కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ చేతికొస్తే పారేయకుండా విప్పి చూడండి. చుట్ల మధ్య మచ్చ కనబడడం అరుదు. చాలాసార్లు అది పద్నాలుగో చుట్టు కొసని అందంగా ఉంటుందని వెనక్కి మడిచి, మొదటి చుట్టుతో కలిపి ప్లాస్టిక్ పట్టీ బిగించిన చోట ఉంటుంది.